ఒంటిమిట్ట, తాళ్లపాక: పాఠకుల సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మందిని ఒకే రోజులో ఒంటిమిట్ట, తాళ్లపాక తిప్పుకుని రావాలనుకుంటున్నాం. ఏది ముందు చూడాలి? ఎంతెంత సేపు పడుతుంది?
– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు, కడప

జవాబు: ఒంటిమిట్టే ముందు చూడండి మేడమ్. కడప నుంచి రాజంపేట దారిలో సుమారు 25 కిలోమీటర్లు. ఆరింటికి బయల్దేరితే ఏడు లోపల రాముడి గుడి ముందుంటారు. ఎండాకాలం పది దాటితే ప్రాంగణంలో బండలు కాలతాయి. చెప్పులు బయటే విడవాలి గనుక పిల్లలు నీడ కోసం పరుగులు తీయడమే గానీ శిల్పాలేవీ చూడరు. అందరి చేతా సాక్సులు తెప్పించండి.

గోపురం చూసి, దండం పెట్టుకుని వచ్చేస్తే ఒంటిమిట్ట చూసినట్టు కాదు. మధ్య రంగమండపంలో 32 స్తంభాలున్నాయి. రామాయణ, భాగవత కథలు అక్కడ రాతిమీదున్నాయి. పిల్లల్ని అయిదుగురు చొప్పున ఎనిమిది జట్లు చేసి జట్టుకొక స్తంభం అప్పగించండి. నాలుగు వైపులా ఏముందో పెన్సిలుతో గీయమనండి, అరగంట చాలు. గోవర్ధనం ఎత్తిన కృష్ణుణ్ణి వాళ్లంతట వాళ్లు పట్టుకుంటే భాగవతంలోని ఆ పద్యం మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు. స్తంభాలకు వీపు ఆనించి కూర్చోకూడదని మాత్రం ముందే చెప్పండి. చెమట, నూనె పట్టి శిల్పం నల్లబడుతుంది. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడి కూడాను.

గర్భగుడిలో రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే శిలలో ఉంటారు. పక్కన హనుమంతుడు ఉండడు. 'ఎందుకు లేడు సార్?' అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. రాముడికి హనుమంతుడు కలవకముందటి విగ్రహాలని ఇక్కడివాళ్లు చెప్తారు. ఎదురుగా ఉన్న సంజీవరాయస్వామి గుడిలో ఆంజనేయుణ్ణి చూపించండి.

తొమ్మిదిన్నరకు బస్సెక్కితే పదకొండు లోపల అన్నమయ్య పుట్టిన తాళ్లపాక. రాజంపేట నుంచి ఆరేడు కిలోమీటర్లే. చెన్నకేశవుడి గుడి, సిద్ధేశ్వరుడి గుడి పక్కపక్కనే ఉంటాయి. చిన్న గుళ్లు, మధ్యాహ్నం తలుపులేస్తారు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. దారిలో రాజంపేటలో భోజనానికి ఆగి, రెండింటికి చేరి, మూసిన తలుపు చూసి తిరిగొస్తారు. ముందు తాళ్లపాక చూడండి, తర్వాత అన్నం. 108 అడుగుల అన్నమయ్య విగ్రహం రోడ్డు పక్కనే ఉంది, మూసేదేమీ లేదు. దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి.

వెళ్లే ముందు వారం బడిలో రెండు పనులు చేయించండి. అన్నమయ్య మనవడు చిన్నన్న తాత జీవితాన్ని ద్విపదలో రాశాడు. అందులో బాల్యం భాగం చదివి వినిపించండి. తర్వాత ఒక్క సంకీర్తన, ఒక్కటే, అందరికీ నోటికి రావాలి. చెన్నకేశవుడి ముందు నలభై గొంతులు కలిసి పాడితే ఆ ఊరికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే. తిమ్మక్క మాటా మరవొద్దు. అన్నమయ్య భార్య, 'సుభద్రా కళ్యాణం' రాసిన కవయిత్రి. ఆడపిల్లలకు ఆమె పేరు ఆ ఊళ్లోనే చెప్పాలి.

ప్రశ్న: పోతన ఒంటిమిట్టవాడేనా? పిల్లలకు ఏమని చెప్పాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: రెండు వాదాలూ చెప్పండి. పోతన రాసిన భాగవతంలో ఏకశిలానగరం ప్రస్తావన ఉంది. ఒకే శిలలో దేవుళ్లున్న ఒంటిమిట్టే అదని ఇక్కడి వాదం. గుడిలో పోతన విగ్రహం కూడా ఉంది. ఓరుగల్లుకూ ఏకశిలానగరమనే పేరుంది, బమ్మెర అన్న ఊరు అటువైపే ఉంది, ఇంటిపేరూ అదే. పండితుల్లో ఎక్కువమంది అటే మొగ్గారు. మాకూ ఆ ఆధారాలే బలంగా కనిపిస్తాయి. అంతమాత్రాన ఒంటిమిట్టకు తక్కువేమీ లేదు. 'ఒంటిమెట్ట రఘువీర' అనే మకుటంతో శతకం చెప్పిన అయ్యలరాజు తిప్పయ్య ఉన్నాడు. జమ్మలమడుగులో పుట్టిన వావిలకొలను సుబ్బారావు వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి, కొబ్బరిచిప్ప పట్టి ఊరూరా భిక్షమెత్తి ఈ గుడిని నిలబెట్టాడు. ఆయన కథకు వాదాలతో పని లేదు. పోతన గురించి పది నిమిషాలు చెప్తే ఆయన గురించి ఇరవై చెప్పండి.

ప్రశ్న: గుళ్లలో శాసనాలకు ఫోన్‌లో ఫోటోలు తీస్తే అక్షరాలు కనిపించడం లేదు. సుద్ద పూస్తే బాగా వస్తాయంటున్నారు, నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఎర్రగుంట్ల

జవాబు: సుద్ద పూయొద్దు నాయనా. పిండి, పసుపు, నూనె, ఏదీ వద్దు. సుద్ద పొడి గాడిలో దిగి ఉండిపోతుంది. పైగా మీకు తోచిన గీతే అక్షరమైపోతుంది. రాతి పగులును కొమ్ము అనుకుని సుద్దతో దిద్దితే తర్వాత వచ్చినవాళ్లూ అలాగే చదువుతారు.

ఫ్లాష్ ఎదురుగా పడితే గాడిలో నీడ మిగలదు, అందుకే మీ ఫోటోలో బండ తెల్లగా, చదునుగా వస్తోంది. ఫ్లాష్ ఆపేయండి. స్నేహితుడి చేత టార్చి పట్టించండి. అది రాయికి దాదాపు ఆనుకుని, పక్కనుంచి వాలుగా పడాలి. ఒక ఫోటో ఎడమవైపు వెలుగుతో, ఇంకోటి పైనుంచి పడే వెలుగుతో తీయాలి. వెలుగు పోయే దిక్కులోనే ఉన్న గీతకు నీడ పడదు. అడ్డగీతలు ఒకదాంట్లో మాయమైతే రెండోదాంట్లో తేలతాయి. ఫోన్ రాయికి సమాంతరంగా ఉండాలి. పెద్ద శాసనమైతే ముక్కలుగా తీయండి, ఒక్కో ముక్కలో ముందటి ముక్క మూడోవంతు కలవాలి. పక్కన 15 సెంటీమీటర్ల స్కేలు పెడితే అక్షరం ఎంత ఉందో తెలుస్తుంది. పగలైతే గొడుగు అడ్డం పెట్టి నీడ చేసుకోండి.

ఒక్క మాట. మీ మండలంలోని కలమళ్ల పేరు తెలిసే ఉంటుంది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలపు తెలుగు శాసనం ఆ ఊరిదే. సుమారు 575 నాటిదని లిపిని బట్టి తేల్చారు. ఆ లిపి నేటి తెలుగు లిపిలా ఉండదు. చదవలేకపోతే నిరుత్సాహపడకండి. అచ్చయిన పాఠం ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోండి. కడపలో బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయానికి వెళ్లి అడగండి.

ప్రశ్న: అన్నమయ్య రాగిరేకులు తాళ్లపాకలో చూడొచ్చా? ఒంటిమిట్ట కళ్యాణం రోజే వెళ్తే రెండూ కలిసొస్తాయా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: ఆయన సంకీర్తనలు చెక్కిన ఆ రేకులు దొరికింది తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో, తాళ్లపాకలో కాదమ్మా. ఇక్కడ చూడాల్సింది ఆయన పుట్టిన ఊరు, కొలిచిన గుడి. శ్రీరామనవమి బ్రహ్మోత్సవాల్లో కళ్యాణం ఒంటిమిట్టలో రాత్రి వెన్నెల్లో జరుగుతుంది, అది చూసి తీరాల్సిందే. ఆ రోజు జనంలో స్తంభాల దగ్గరికి కూడా పోలేరు. శిల్పాల కోసమైతే మామూలు రోజు రండి. తాళ్లపాకకు వైశాఖ పౌర్ణమి, అంటే అన్నమయ్య జయంతి, మంచి రోజు. పాటలు వినపడతాయి. ఎండ తీవ్రం, తాగేనీళ్లు మనిషికి రెండు లీటర్లు పెట్టుకోండి.