డాక్టర్ సలహా: షుగర్‌కు ఇన్ని మందులు, ఫ్లోరోసిస్‌కు ఒక్కటీ లేదెందుకు?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. అమ్మకు 58 ఏళ్లు. చిన్నప్పుడు బావి నీళ్లు, తర్వాత బోరు నీళ్లు తాగింది. నడుము వంగిపోయింది, మెడ తిరగదు. నొప్పి ఎక్కువైతే ఊళ్లోనే సూది వేయిస్తున్నాం. నాకు షుగర్ ఉంది. రెండేళ్లకోసారి కొత్త మాత్ర రాస్తున్నారు. అమ్మకున్న ఫ్లోరోసిస్‌కు మాత్రం మందే లేదంటున్నారు. పేదల జబ్బు కాబట్టే ఎవరూ పట్టించుకోవడం లేదా?

జవాబు: మీ అనుమానం సగం నిజం. మిగతా సగం ఎముకలోనే ఉంది. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలోకి చేరి అందులో భాగమైపోతుంది, ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు కూడా గట్టిపడతాయి. నా దగ్గరకు వచ్చేవారిలో కొందరు గోడ గడియారం చూడాలంటే మెడ తిప్పలేక మనిషంతా తిరుగుతారు. అలా పేరుకున్నదాన్ని కరిగించే మాత్ర ఎంత డబ్బు పోసినా తేలిగ్గా దొరకదు.

అసలు డబ్బు పోసిందెవరు? ఇరవై ఏళ్లుగా మందుల కంపెనీల ప్రతినిధులు నా గదికి వస్తున్నారు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అంటారు. ఫ్లోరోసిస్ పేరెత్తినవారు ఒక్కరూ లేరు. సంచిలో లేనిది వాళ్లు మాత్రం ఎలా చూపిస్తారు? మీ షుగర్ మాత్ర జీవితాంతం నెలనెలా కొనేది, కొనగలిగినవారు లోకమంతా ఉన్నారు. 1975 నుంచి 1999 వరకు వచ్చిన 1,393 కొత్త మందుల్లో ఉష్ణమండల జబ్బులకూ క్షయకూ కలిపి దక్కినవి 16. ఆఫ్రికాలో ఒక ఈగ కాటుతో వచ్చి ప్రాణం తీసే నిద్రజబ్బుకు పనిచేసే ఎఫ్లోర్నితిన్ తయారీ లాభం లేక 1990లలో ఆగిపోయింది. అదే మందు 2000లో అమెరికాలో ఆడవారి ముఖం మీది వెంట్రుకలు తగ్గించే క్రీముగా అనుమతి పొందింది! వైద్యుల సంస్థలు గొడవ చేశాకే, 2001లో రోగుల కోసం మళ్లీ తయారు చేయడానికి కంపెనీ ఒప్పుకుంది. అన్ని కంపెనీలూ ఎప్పుడూ ఇంతేనని అనను. బోదకాలుకు మనవాళ్లు మింగే డీఈసీ మాత్ర, ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో ఒక అమెరికా కంపెనీ ప్రయోగశాలలోనే పుట్టింది.

మన వంటింట్లోని చింతపండు సంగతి చూడండి. రోజుకు 10 గ్రాముల చొప్పున కొద్దిమంది బడిపిల్లలకు పెడితే మూత్రంలో ఎక్కువ ఫ్లోరైడ్ బయటకు పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2002లో ప్రచురించింది. చింతపండు మీద పేటెంటు ఎవరికిస్తారు? వందల కోట్లు పెట్టి వేలమందిపై పరీక్షించడానికి ఏ కంపెనీ ముందుకొస్తుంది? అమ్మను పులుసు మాననివ్వకండి. దానితో నడుము నిటారవుతుందని మాత్రం అనుకోవద్దు.

అసలు మందు నీళ్లే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే ‘నల్లగొండ పద్ధతి’ని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. మన జిల్లా పేరు శాస్త్ర పుస్తకాలకు ఎక్కింది అలా, గర్వపడాలో లేదో తెలియదు. ఇప్పుడు మీకు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే తాగడానికీ వంటకూ వాడండి. నల్లా రాని రోజు బోరు నీళ్లతో అన్నం వండే ఇళ్లు ఇంకా చూస్తున్నాను. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగడానికి పనికిరాదు.

పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు పెట్టండి. నల్ల ఉప్పు, డికాక్షన్ టీ తగ్గించండి. ఫ్లోరైడ్‌ను కడిగేస్తామంటూ అమ్మే పొడులు కొనకండి.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ సూది. ఒంట్లోని ఫ్లోరైడ్ బయటకు పోయేది ముఖ్యంగా కిడ్నీల దారినే. నొప్పి సూదులు పదేపదే వేస్తే దెబ్బతినేవీ అవే. సూది ఆపి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి, కాల్షియం మాత్రలు ఆ తర్వాతే. కాళ్లు బరువెక్కినా, తిమ్మిర్లు వచ్చినా, మూత్రం మీద పట్టు తప్పినా వెన్నుపాము నలుగుతూ ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా హైదరాబాద్ నిమ్స్ వంటి న్యూరో విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంతవరకు ఏ సూదులు వేశారో రాయించుకుని ఆ చీటీ చేతిలో ఉంచుకోండి.