తాత యెజ్డీకి లేత్‌లో పార్టులు చేయించుకోవచ్చా? ఏది చేయించొచ్చు, ఏది వద్దు, నా అనుభవం

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. పోయిన తాత గారి 1982 యెజ్డీ రోడ్‌కింగ్, ఊర్లో కొట్టంలో పదిహేనేండ్లు పడి ఉన్నది, డీసీఎంలో ఏసుకుని ఉప్పల్ తెచ్చుకున్నవ్, షాపుల్లో పార్టులు దొరుకుతలేవు, లేత్‌లో (లోహాన్ని తిప్పుతూ కోసే మిషన్) చేయించుకుని కేఫ్ రేసర్ లెక్క (సింగిల్ సీటుతో, పాత రేసు బండి రూపంలో) తయారు చేద్దామని ఉంది, ఏది చేయించొచ్చు ఏది చేయించొద్దు అని అడిగినవ్. నేను 2018 నుంచి ఒక రోడ్‌కింగ్‌తోటి కుస్తీ పడుతున్న, అందులో సగం సామాన్లు నేను చేసినవో నా ముందల చేయించినవో, అందుకే రాస్తున్న.

ఏ పార్టు చేతిలో పట్టుకున్నా నేను ఒక్కటే అడుక్కుంట. ఇది నడిరోడ్డు మీద ఊడితే బండి తోసుకుంటా ఇంటికి పోతనా, లేక అంబులెన్స్‌లో పోతనా? తోసుకునే పార్టులైతే నువ్వు ఎట్లన్నా చేస్కో, తప్పయితే నేర్చుకుంటవ్. అంబులెన్స్ పార్టులు మాత్రం పది దుకాణాలు తిరిగైనా పాత స్టాకులో కంపెనీది కొను. ఈ తెలివి నాకు పుట్టుకతో రాలే, ముందు బ్రేకు నేర్పింది.

ముందు డ్రమ్ములో షూలని విప్పే చిన్న ఇరుసు ఉంటది గదా, క్యామ్ అంటరు, నాది అరిగిపోయింది. పుత్లీబౌలీలో అడిగితే లేదన్నరు, ఇంకో రెండు దుకాణాలు తిరిగే ఓపిక లేక బాలానగర్‌లో ఒక లేత్ ఆయన దగ్గరికి పోయిన. ఆయన పాతది తిప్పి తిప్పి చూసి "ఈఎన్ ఎయిట్ (గట్టిపడే రకం ఉక్కు) రాడ్‌తో చేసి హార్డెనింగ్‌కి పంపుదాం, నాలుగు రోజులైతది" అన్నడు. నేనేమో ఆదివారం రైడ్ ఉంది, మామూలు ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్‌తో చేసియ్యి అన్న. పైన లివర్ కూర్చునే సన్న పళ్లు నేనే ఇంట్లో మూడు మూలల ఆకురాయితో గీసిన, పైగా ఎంత బాగా వచ్చినయో అని ఫోటోలు కూడా తీసి స్టేటస్ పెట్టిన. మూడు నెలలు బానే ఉంది. ఒకరోజు బంజారాహిల్స్ దిగుడులో సిగ్నల్ పడింది, బ్రేక్ పిండిన, లివర్ గుండ్రంగా తిరిగింది అంతే, షూలు కదల్లే, మెత్తటి పళ్లు మొత్తం కొరుక్కుపోయినయ్. వెనక బ్రేక్ తొక్కి గేర్ దించి దించి ముందున్న ఆటో బంపర్‌కి మెల్లగా ముద్దు పెట్టిచ్చిన. ఆటో ఆయన దిగి నన్ను తిట్టుడు తర్వాత, ముందు బండి చుట్టూ తిరిగి చూసి "ఏ మాడల్ భాయ్ ఇది" అన్నడు, అది యెజ్డీ అదృష్టం, నాది కాదు. తప్పు లేత్ ఆయనది అస్సలు కాదు, ఆయన చెప్పింది నేను వినలే.

కాబట్టి యాక్సిల్, బ్రేక్ క్యామ్, బ్రేక్ లివర్, ఫోర్క్ పైపులు, హ్యాండిల్ క్లాంపులు, వీటి జోలికి లేత్‌తో పోకు. ముందు బ్రేక్ వైరు కూడా అంతే. క్లచ్ వైరు, ఎక్సిలేటర్ వైరు మాత్రం ఇంట్లోనే చేసుకోవచ్చు, నిప్పల్‌లోకి (వైరు కొసకి ఉండే చిన్న లోహపు గుండు) తీగ దూర్చినంక కొసని చీపురు లెక్క విప్పాలి, ఆ పరిచిన కొస నిప్పల్ గుంతలో కూర్చున్నంక అప్పుడు సోల్డర్ పొయ్యాలి. తీగ విప్పకుండా ఉత్తగ సోల్డర్ కొడితే నాలుగు రోజులకి జారి బయటికొస్తది.

ఇంక చేయించుకుంటే మజా వచ్చేది బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే చోట ఉండే లోహపు గొట్టాలు. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగితే బండి వెనక భాగం తోక ఊపినట్టు ఊగుతది, చాలామంది టైరు మారుస్తరు, తప్పు అక్కడ ఉండదు. గన్‌మెటల్ (ఒక రకం కంచు) రాడ్ రాణీగంజ్‌లో తూకం మీద కొన్న, లేత్‌లో చేయించిన. మొదటి జత పాడయింది, ఎందుకంటే బుష్ లోపలి బెజ్జం ఇరుసుకి సరిగ్గా సరిపోయేటట్టు తిప్పించిన, బయట పెట్టి చూస్తే వెన్న లెక్క జారుతుంది, తీరా ఆర్మ్‌లోకి ప్రెస్ కొట్టినంక ఇరుసు దూరట్లే! బిగుతుగా కొడితే బుష్ పిసుక్కుపోయి లోపలి సైజు తగ్గుతది కదా, అది మర్చిపోయిన. రెండోసారి లోపల కొంచెం మెటల్ వదిలేసి, ప్రెస్ కొట్టినంక రీమర్ (బెజ్జాన్ని సరైన సైజుకి నున్నగా గీకే పనిముట్టు) తిప్పించిన, గ్రీజు పోయే గాడి కూడా ఒకటి కోయించిన. ఇప్పటికి ఆరేండ్లు, ఊగుడు లేదు.

ప్యాకింగులు (ఇంజిన్ అతుకుల మధ్య కారకుండా పెట్టే పలచటి షీట్లు) అస్సలు కొనకు. ప్యాకింగ్ షీట్ తెచ్చి నేరుగా కేసింగ్ మీద పరిచి, గుండు సుత్తితో అంచు పొడవునా టిక్ టిక్ మని మెల్లగా కొడుతూ పో, అంచు దగ్గర షీట్ దానంతట అదే తెగుతది, బోల్టు బెజ్జాలకి సుత్తి గుండు వైపు వాడు. మా పక్కింటి పాప ఇది చూసి "అంకుల్ అప్పచ్చులు చేస్తున్నడు" అన్నది. సిలిండర్ కింద బేస్ ప్యాకింగ్ మందం మాత్రం పాతదాన్ని కొలిచి అంతే పెట్టు, టూ స్ట్రోక్ కదా, సిలిండర్ లేస్తే పోర్టులు (సిలిండర్ గోడలో గ్యాసు వచ్చిపోయే బెజ్జాలు) తెరుచుకునే టైమింగే మారిపోతది. సైలెన్సర్ బెండు దగ్గర రాగి రింగులు నేను ఫ్రిజ్ మెకానిక్ దగ్గర పైపు ముక్క అడుక్కొచ్చి చేసిన, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తగా అయితది, గట్టిపడే రకం ఉక్కుకి ఇట్ల చేస్తే గట్టిపడతది గానీ రాగికి అట్ల కాదు.

బేరింగులు, ఆయిల్ సీళ్లు బండి పేరు చెప్పి అడిగితే "లేదు" అనే వస్తది, సైజు చెప్పి అడుగు. బేరింగ్ మీద నంబర్ చెక్కి ఉంటది, మామూలు బాల్ బేరింగుల్లో 04 నుంచి పైకి చివరి రెండంకెలని ఐదుతో గుణిస్తే లోపలి బెజ్జం మిల్లీమీటర్లలో వస్తది, 6204 అంటే 20, 6305 అంటే 25. క్రాంక్‌కి (పిస్టన్ తిప్పే ఇంజిన్ ఇరుసు) సీ3 అని రాసి ఉన్నది తీసుకో, వేడికి సాగే జాగా ఉంటది. సీల్‌కి వెర్నియర్‌తో లోపలి, బయటి, మందం మూడు కొలతలు రాసుకుని పో, కౌంటర్ మీద ఆయన పది నిమిషాల్లో తీసిస్తడు. ఒక హెచ్చరిక, ఉత్తగ "యెజ్డీ" అంటే 2022లో వచ్చిన కొత్త యెజ్డీవి తీసి చూపిస్తరు, అది ఫోర్ స్ట్రోక్ లిక్విడ్ కూల్డ్, మనదానికి పేరు తప్ప ఏదీ కలవదు. మనది మైసూర్‌లో 1996 వరకు నడిచిన ఐడియల్ జావా వాళ్ల బండి.

క్రాంక్ పని మాత్రం ఇంట్లో పెట్టుకోకు, కనెక్టింగ్ రాడ్ కిట్ ఏసి ప్రెస్ చేసినంక డయల్ గేజ్ (వెంట్రుకంత వంకర కూడా చూపించే మీటర్) పెట్టి సెంటర్ చూసేవాడికే ఇయ్యి, సుత్తితో సెంటర్ చేస్తా అనేవాడుంటే డయల్ చూపించమను.

సైలెన్సర్ గురించి కేఫ్ రేసర్ వీడియోలు చూసి ఉంటవ్. నేను కూడా లోపలి బ్యాఫిల్ (చప్పుడు తగ్గించే గొట్టం) తీసేసి ఉత్త పైపు పెట్టించిన, శబ్దం నిజాంపేట్ దాకా వినిపించింది, పికప్ మాత్రం మొత్తం పోయింది, బండి ఫ్లైఓవర్ ఎక్కనంటది. టూ స్ట్రోక్‌కి సైలెన్సర్ ఇంజిన్లో భాగమే, అది చప్పుడు ఆపడానికే అనుకుని పప్పులో కాలేసిన. నెలలోపే పాతది పెట్టేసిన.

ఇంక నీకు నచ్చని మాట. చాసిస్ కొయ్యకు. మోటార్ వెహికల్ చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేటట్టు బండి మార్చొద్దు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సీటు వెనక చాసిస్ లూప్ కోసి కొత్తది వెల్డింగ్ చేస్తే చూడ్డానికి బాగుంటది, ఆర్టీఏ ఆఫీసులో నిలబడితే బాగుండదు. ఇంకోటి, 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్ తెచ్చింది, 50 ఏండ్లు దాటి ఒరిజినల్‌గా ఉన్న బండికి స్టేట్ కోడ్ తర్వాత వీఏ అని వచ్చే నంబర్ ఇస్తరు, ఇంజిన్ చాసిస్ మార్చేసినవాటికి రాదు. నీ బండికి 2032లో 50 నిండుతయ్, ఇప్పుడు కోస్తే అప్పుడు ఏడుస్తవ్. నా సలహా, బోల్టు విప్పితే మళ్లీ పాత రూపం వచ్చే మార్పులే చెయ్యి. నా సింగిల్ సీటు అట్లనే, ముందు అట్టముక్క కోసి బండి మీద పెట్టి పెన్సిల్‌తో సరిచేసుకుని, ఆ అట్ట డెంటింగ్ ఆయనకి ఇచ్చి 20 గేజ్ రేకుతో చేయించిన, పాత సీటు బోల్టులకే బిగుస్తది. పాత సీటు మంచం కింద ఉంది, మా ఆవిడ దాని సంగతి నెలకోసారి అడుగుతది.

పైసలు పెట్టకముందు ఆర్‌సీ ఆన్‌లైన్‌లో కనిపిస్తుందా చూడు. తాత పేరు మీదే ఉంటే వారసుడి పేరు మీదికి మార్చేది ఫారం 31. ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్ దగ్గర గ్రైండర్ పెట్టనియ్యకు, పెయింట్ ఆయన నున్నగా చేద్దామని చూస్తడు, అక్కడ టేప్ ఏసి పంపు.

పెట్రోల్ సంగతి, ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో 20 శాతం ఇథనాల్, అది తేమ పీలుస్తది. నెలల తరబడి నిలబెట్టేదుంటే టాంకీ ఖాళీ చెయ్యి, పాత రబ్బరు పైపు పీకేసి ఇథనాల్‌కి తట్టుకునేది పెట్టు. ఇంజిన్ కొత్తగా కట్టినంక మొదట్లో నేను లీటరుకి 40 ఎంఎల్ టూటీ (టూ స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్ కలిపిన, ప్లగ్ తీసి చూస్తే కాఫీ రంగుంటే ఓకే, తెల్లగా ఉంటే గాలి ఎక్కువైతుందని, ఎక్కువసార్లు అరిగి గాలి లాగే క్రాంక్ సీలే దొంగ.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, పార్టుల లిస్ట్ పక్కన పెట్టి డైనమో కవర్ తీసి క్రాంక్ కొస పట్టుకుని పైకీ కిందికీ ఆడించు. వెంట్రుకంత ఆట తెలిసినా ఇంజిన్ విప్పాల్సిందే, ఆట లేకపోతే సీళ్లు మార్చి కిక్ కొట్టి చూద్దాం. కిందనే వీడియో పెట్టు, సౌండ్ ఆన్ చేసి తియ్యి.