ఇంగ్లీషులో తెలుగు యాస వినిపిస్తే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మాది పలమనేరు. ఇప్పుడు బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి పదో తరగతి వరకు ఊళ్లోనే తాతగారింట్లో ఉండి తెలుగు మాధ్యమంలో చదివింది. ఇక్కడ బీఈ పూర్తి చేసింది. కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాలకు వెళ్తే రెండు చోట్ల ‘ఎంటీఐ ఎక్కువగా ఉంది’ అని పక్కన పెట్టారు. మారతహళ్లిలోని ఒక శిక్షణ సంస్థవాళ్లు ఆరు నెలల్లో అమెరికన్ యాస నేర్పిస్తామంటూ 40 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?
– ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: వద్దమ్మా, కట్టకండి. మీ అమ్మాయికి సాధన అవసరమే. అయితే ఏం సాధన చేయాలో తెలియాలంటే ముందు ఆ ‘ఎంటీఐ’ సంగతి తేల్చుకోవాలి. మాతృభాష ప్రభావాన్ని రిక్రూటర్లు పొట్టిగా అలా అంటారు. ఆ ఒక్క మాటలోనే వాళ్లు యాసను, మాండలికాన్ని కలిపేస్తుంటారు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

యాస నోటికి సంబంధించినది. ఒకే దినపత్రికలోని ఒకే వార్తను శ్రీకాకుళం మనిషి, పలమనేరు మనిషి, వరంగల్ మనిషి పైకి చదివితే అక్షరం మారదు, అయినా ఎవరిది ఏ ప్రాంతమో వినగానే తెలుస్తుంది. అది యాస. వాళ్లే పత్రిక పక్కన పెట్టి సొంతంగా మాట్లాడితే ఒకరు పల్లీలంటారు, ఒకరు వేరుశనగలంటారు, మీ వైపు చెనక్కాయలంటారు. క్రియల తీరూ మారిపోతుంది. మాటలు, వాక్య నిర్మాణం కూడా వేరైతే అది మాండలికం.

ఇంగ్లీషులోనూ ఇంతే. లండన్ వైపు చాలామంది ‘కార్’ అన్నప్పుడు చివరి ర వినిపించదు. స్కాట్లండ్, ఐర్లండ్ వాసులు, అమెరికన్లలో ఎక్కువమంది ఆ రను పలుకుతారు. (మనమూ పలుకుతాం. ఈ ఒక్క విషయంలో మీ అమ్మాయి లండన్ కంటే స్కాట్లండ్‌లోని గ్లాస్గోకే దగ్గర!) ఇవన్నీ యాస తేడాలు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ‘నథింగ్’ అనడానికి ‘నౌట్’ అంటారు, స్కాట్లండ్‌లో చిన్నదాన్ని ‘వీ’ అంటారు, అమెరికా దక్షిణాది వాళ్లు ‘మీరందరూ’ అనడానికి ‘యాల్’ అంటారు. ఇవి మాండలికాలు. స్కాట్లండ్‌లో చదువుకున్న మనిషి వ్యాకరణం ఎక్కడా తప్పని ప్రామాణిక ఇంగ్లీషును అచ్చమైన స్కాటిష్ యాసలో మాట్లాడగలడు. అక్కడ దాన్ని ఎవరూ లోపంగా చూడరు. మన పిల్లలు అదే ఇంగ్లీషును తెలుగు యాసలో మాట్లాడితే మాత్రం దిద్దాల్సిన తప్పు అన్నట్టు చూస్తారు. ఈ అన్యాయం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

పైగా ‘అమెరికన్ యాస’ అని ఒక్కటే లేదు. టెక్సస్ వాళ్లు మాట్లాడినట్టు బోస్టన్ వాళ్లు మాట్లాడరు. ఆరు నెలల్లో నేర్పేది మహా అయితే నాలుగైదు పలుకుబడులు. ఇంటర్వ్యూలో కంగారుపడగానే అవి జారిపోతాయి. అతికించుకున్న యాస మధ్యమధ్యలో ఊడిపోతుంటే వినేవాళ్లకు అసలు యాసకంటే ఎక్కువ ఇబ్బంది.

మరి ఏం దిద్దుకోవాలి? అవతలివాళ్లకు మాట అర్థం కాకుండా చేసేవి మాత్రమే. ఇంగ్లీషు మాతృభాష కాని వాళ్లు ఒకరితో ఒకరు ఆ భాషలో మాట్లాడుకున్నప్పుడు అర్థం చెడేది ఎక్కడో బ్రిటన్ భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్ పరిశీలించి, ఆ ఫలితాలను 2000లో ప్రచురించారు. ‘థింక్’లోని థను అచ్చం ఇంగ్లండ్ వాళ్లలా పలకకపోయినా అంతగా నష్టం లేదని, అచ్చుల నిడివి, వాక్యంలో ముఖ్యమైన మాటను ఒత్తి పలకడం వంటివి తప్పితే మాత్రం అర్థం చెడుతుందని ఆమె తేల్చారు. మన పిల్లల విషయంలో దీనికి తోడు పదంలో ఏ భాగాన్ని ఒత్తాలన్నదీ చూసుకోవాలి. ఇంగ్లీషులో ‘ఫోటోగ్రాఫ్’కు మొదటి భాగం మీద ఒత్తు, ‘ఫొటోగ్రఫీ’కి రెండోదాని మీద, ‘ఫొటోగ్రాఫిక్’కు మూడోదాని మీద. తెలుగులో ఇలాంటి ఒత్తుతో పని లేదు కాబట్టి మనం అన్ని భాగాలనూ సమానంగా పలికేస్తాం. కస్టమర్ సపోర్ట్‌లో దీనివల్ల అసలు ప్రమాదం అంకెల దగ్గర వస్తుంది. ‘థర్టీన్’లో చివరి భాగాన్ని, ‘థర్టీ’లో మొదటి భాగాన్ని ఒత్తకపోతే 13 డాలర్లు 30 డాలర్లుగా వినిపిస్తాయి. అలాగే ‘ప్రైస్’, ‘ప్రైజ్’ మధ్య తేడా తెలియాలి. ‘ఎం’ను ‘యెం’ అనడం, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అనడం తగ్గించుకుంటే మంచిదే, కానీ వీటి కోసం నిద్ర మానుకోనక్కర లేదు.

ఇక మాండలికం. శిక్షణ సంస్థలు దీని జోలికి పెద్దగా పోవు, నా దృష్టిలో మాత్రం ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. భారతీయ ఇంగ్లీషుకంటూ ఒక పదజాలం, ఒక వాక్య పద్ధతి ఉన్నాయి. మీటింగును ‘ప్రీపోన్’ చేయడం, అంటే ముందుకు జరపడం, మన దగ్గర అందరికీ తెలుసు, ఆ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది. కానీ అమెరికాలోని ఒహాయోలో ఉన్న కస్టమర్‌కు అది అర్థం కాకపోవచ్చు. ‘లాక్’, ‘క్రోర్’ అంటే అసలే తెలియదు. ‘నాకో ప్రశ్న ఉంది’ అనే అర్థంలో మనం ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటాం. అవతలివాళ్లకు అది ‘మీ మాట మీద నాకు నమ్మకం లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. 2023లో చదువు పూర్తయిందనే అర్థంలో ‘పాస్డ్ అవుట్’ అని చెబితే స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అనాల్సిన చోట ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అనడం సంగతి చెప్పనక్కరలేదు. ఇవి మార్చుకోవడానికి నాలుక తిప్పే కసరత్తు అవసరం లేదు. ఒక నోటు పుస్తకంలో రాసుకుని, ఎవరితో మాట్లాడుతున్నామో చూసుకుని వాడితే చాలు. ఇంట్లోనూ బెంగళూరు ఆఫీసులోనూ ‘ప్రీపోన్’ అనడంలో తప్పేమీ లేదు.

సాధనకు కె.ఆర్.పురం కంటే మంచి చోటు ఎక్కడుంది! మీ వీధిలోనే కన్నడ, తమిళ, మలయాళ, బెంగాలీ కుటుంబాలు ఉంటాయి. అమ్మాయిని రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడి ఫోనులో రికార్డు చేయమనండి. తెలుగు రాని స్నేహితురాలికి వినిపించి, అర్థం కాని మాటలు రాసిమ్మనమనండి. తెలుగువాళ్లకు వినిపిస్తే లాభం లేదు, మనకు మన యాసలో అన్నీ అర్థమవుతాయి. ఆ చీటీలో ఉన్న మాటలే ఆ వారం పాఠం. వినడం కూడా సాధనే. స్కాట్లండ్, ఆస్ట్రేలియా, అమెరికా దక్షిణాది వార్తలు రోజూ కాసేపు వినాలి. ఫోను ఉద్యోగంలో మాట్లాడడం ఎంతో, అవతలివాళ్ల యాస పట్టుకోవడం అంత.

కొన్ని వాయిస్ ఉద్యోగాల్లో యాసనుబట్టి వడపోసే పద్ధతి ఇంకా ఉంది. అందుకని ఈ సాధన సాగుతుండగానే ఈమెయిల్, చాట్ సపోర్ట్ ఉద్యోగాలకూ, ఆమె చదివిన బ్రాంచి ఉద్యోగాలకూ దరఖాస్తు చేయించండి. రేపు విదేశాల్లో చదవాలనుకున్నా భయం లేదు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్షలో ధారాళత, పదజాలం, వ్యాకరణం, ఉచ్చారణ అని నాలుగు కొలమానాలు సమానంగా ఉంటాయి. ఉచ్చారణలో చూసేది మాట స్పష్టంగా అర్థమవుతోందా అన్నదే, యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు.

ఈసారి ఎవరైనా ‘ఎంటీఐ’ అంటే, ఏ మాట అర్థం కాలేదో చెప్పమని మర్యాదగా అడగమనండి. వాళ్లు చెబితే ఆ మాటను కూడా నోటు పుస్తకంలో చేర్చుకోవాలి.