బీటెక్ వద్దు, కంచు విగ్రహాలు పోస్తానంటున్నాడు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా వారికి ఇత్తడి, రాగి పాత్రల అంగడి ఉంది. బాబు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మార్కులు బాగానే వస్తాయి. కానీ బీటెక్ చేయను, కంచు విగ్రహాలు పోత పోయడం నేర్చుకుంటాను అని పట్టుబట్టాడు. ఎప్పుడూ మైనంతో బొమ్మలే. పాత సామాన్ల అంగళ్లు తిరిగి విగ్రహాలు కొనుక్కొస్తాడు. తాతల నాటి కృష్ణుడి విగ్రహాన్ని నేను చింతపండు, ఉప్పు వేసి తోముతుంటే నాతో గొడవ పెట్టుకున్నాడు. మొన్న వాళ్ల నాన్న కోపంతో వాడి మైనపు బొమ్మను ఎండలో పడేశారు. బెంగళూరులో ఉన్న మా తమ్ముడేమో ‘అదీ కళే కదా, త్రీడీ యానిమేషన్‌లో చేర్పించు’ అంటున్నాడు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు. మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, పోలిక తర్వాత చూద్దాం. ముందు ఎండలో పడేసిన ఆ బొమ్మ సంగతి మాట్లాడాలి.

మీ వారు రోజూ త్రాసు ముందు కూర్చునే మనిషి కాబట్టి ఆయనకు అర్థమయ్యేలా చెప్తాను. పోత పనిలో మైనపు బొమ్మే అసలు విగ్రహం. కుంభకోణం దగ్గర స్వామిమలైలో స్థపతులు, అంటే విగ్రహాలు చేసే శిల్పులు, తేనెమైనంలో గుగ్గిలం కలిపి బొమ్మ చేస్తారు. చేతి వేడికి మెత్తబడినప్పుడల్లా చన్నీళ్లలో ముంచి గట్టిపరుస్తారు. దాని మీద కావేరి ఒండ్రు మట్టిని పలచగా పూసి నీడలో ఆరబెడతారు. ఆ పైన ముతక మట్టి పూతలు వేసి, ఇనుప తీగతో బిగించి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. ఎంత లోహం కావాలో ముందే తెలియాలి కదా, అందుకే మైనాన్ని తూకం వేస్తారు. లోపల బోలు లేని విగ్రహమైతే కిలో మైనానికి సుమారు 9 కిలోల కంచు పడుతుంది. చల్లారాక మట్టి అచ్చు పగలగొట్టాల్సిందే, రెండో విగ్రహం రాదు. వేలిగోరు దగ్గర గీత తప్పితే మళ్లీ మైనం నుంచి మొదలుపెట్టాలి.

మన కడప ఎండల్లో మైనంతో పనిచేయడానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. పదిహేడేళ్ల పిల్లాడికి అంత ఓపిక ఉంటే మార్కుల మెమో కంటే ముందు నేను దాన్నే చూస్తాను. దాన్ని ఎండలో పడేయడం తప్పు. మీ వారు వాడితో ఆ మాట ఒప్పుకుంటే బాగుంటుంది. ‘నాన్న కదా, కోపంలో చేశాడు’ అని మీరు సర్దిచెప్పకండి.

ఇక మీ తమ్ముడి సలహా. ఈ దారి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఎనిమిదేళ్ల కింద అనంతపురం నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. మట్టితో అద్భుతంగా బొమ్మలు చేసేవాడు. అతనికి యానిమేషన్ చెప్పింది నేనే. ఒక ప్రైవేటు సంస్థలో లక్షలు కట్టి చేరాడు. చదువయ్యాక దొరికింది రోటో పని. అంటే సినిమా దృశ్యంలో ఒక్కో ఫ్రేములో మనిషి అంచులు గీసి వేరు చేయడం. నైట్ షిఫ్టులు, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని టెన్షన్. ఇప్పుడు అలాంటి పనులే ముందు ఏఐ చేతికి పోతున్నాయి. ఆ సలహా ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆ రంగంలో బాగా స్థిరపడిన వాళ్లు లేరని కాదు. వాళ్లకు తెర మీద పనంటే ఇష్టం. మీ వాడికి చేతిలో బరువు కావాలి. రెండూ కళే అనడం, ఈతా పరుగూ రెండూ ఆటలే కదా అన్నట్టుంటుంది. త్రీడీ మోడలింగ్ పనికిరాని విద్యేమీ కాదు. చిన్న నమూనాను స్కాన్ చేసి పెద్దది చేయడానికి పోత శాలల్లో ఇప్పుడు బాగా వాడుతున్నారు. శిల్పం చేతికొచ్చాక నేర్చుకోవచ్చు.

బీటెక్ గురించి ఒక్క మాట. ఇష్టం లేకుండా సీఎస్ఈలో కూర్చున్న పిల్లల బ్యాక్‌లాగుల లెక్కలు నా దగ్గరకు చాలా వస్తాయి. వాడే మనసు మార్చుకుంటే మెటలర్జీ, అంటే లోహాల ఇంజినీరింగ్ గురించి చెప్పండి.

శిల్పం అంటే రెండు దార్లు దగ్గరలోనే ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో నాలుగేళ్ల డిప్లొమా ఉంది. అందులో లోహ శిల్పం ప్రత్యేక విభాగం. కొలతలు, దేవతల రూపాన్ని వర్ణించే ధ్యాన శ్లోకాలు, చేతి పని అన్నీ పద్ధతిగా నేర్పుతారు. మీ కడపలోనే 2020లో పెట్టిన వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో శిల్పంలో బీఎఫ్ఏ, అంటే లలిత కళల డిగ్రీ ఉంది. డిగ్రీ చేతిలో ఉంటే పై చదువులకు దారి ఉంటుంది. మీ ఇంటి పరిస్థితికి నేను బీఎఫ్ఏ వైపే మొగ్గుతాను. సెలవుల్లో స్వామిమలైలో ఒక స్థపతి దగ్గర ఆకురాయి పట్టనివ్వండి.

సంపాదన గురించి దాచను. మొదటి కొన్నేళ్లు సహాయకుడి కూలే. గుళ్ల ఉత్సవ విగ్రహాలు, నాయకుల విగ్రహాలు ఆర్డర్ల మీద నడుస్తాయి. తెనాలిలో, కోనసీమలోని కొత్తపేటలో ఆ పని ఎలా సాగుతుందో ఒకసారి చూసి రండి. కూడళ్లలో కంచు రంగు కొట్టిన ఫైబర్ బొమ్మలు చాలానే ఉంటాయి, పోటీ వాటితోనే. అయినా మీ ఇంట్లో రాగి, ఇత్తడి బేరం తెలిసిన తండ్రి ఉన్నాడు. లోహం ఎక్కడ కొనాలో, కల్తీ ఎలా పట్టాలో తెలిసిన ఇంటి పిల్లాడికి అది సగం పెట్టుబడి.

వాడిలో ఇంకో మొగ్గు కూడా కనిపిస్తోంది. చింతపండు గొడవలో తప్పు మీదేనమ్మా. రోజూ పూజకు తోముకునే కొత్త ఇత్తడి వేరు, పాత కంచు వేరు. పులుపుతో తోమే కొద్దీ కళ్లు, పెదాల గీతలు అరిగిపోతాయి. ఉప్పులోని క్లోరైడ్ సందుల్లో చేరి, తేమ తగిలినప్పుడల్లా లోపలి లోహాన్ని తింటుంది. గట్టిగా పట్టుకున్న ముదురు చిలుముతో భయం లేదు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం అది ‘బ్రాంజ్ డిసీజ్’. విగ్రహాన్ని మెత్తటి పొడి గుడ్డతో తుడిచి తేమ తగలని చోట ఉంచండి. పొడి రాలుతుంటే ఇంట్లో వైద్యం చేయకండి.

అలాంటి విగ్రహాలను బాగుచేయడం కూడా ఒక వృత్తే. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో దీనికి 1930 నుంచి రసాయన ప్రయోగశాల ఉంది. లక్నోలో జాతీయ పరిశోధనాలయం ఉంది. బీఎఫ్ఏ తర్వాత కన్జర్వేషన్‌లో పీజీ చేయొచ్చు. ఎంపీసీలో చదివిన కెమిస్ట్రీ అక్కడ అక్కరకొస్తుంది, వృథా పోదు.

పాత విగ్రహాలు కొనడం మాత్రం ఈ రోజే ఆపించండి. ఇందులో నేను వాడి పక్షాన లేను. నూరేళ్లు దాటిన విగ్రహం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. సొంతదైనా రిజిస్టర్ చేయించాలి. మన సీమలో గుప్త నిధుల తవ్వకాల గురించి మీకు తెలియంది కాదు. ఏ గుడిలో పోయిందో పాత సామాన్ల అంగడి వాడు చెప్పడు. తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజును 2008లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 50 లక్షల డాలర్లకు పైగా పోసి కొని, దొంగ సొత్తని తేలాక 2014లో తిరిగి ఇచ్చింది. అంతటి సంస్థే మోసపోతే ఇంటర్ పిల్లాడెంత? మ్యూజియంలో కూర్చుని బొమ్మలు గీసుకోమనండి. కడప మహావీర్ మ్యూజియం మీకు దగ్గరే.

పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ‘యూనివర్సిటీలో శిల్పం చదువుతున్నాడు’ అనండి. తర్వాత ఏమడుగుతారో నాకు తెలుసు, మీకూ తెలుసు. జవాబు చెప్పే పని వాడికి వదిలేయండి, మీకంటే బాగా చెప్తాడు.

ఆ కరిగిన మైనం ముద్ద పారేయలేదు కదా? మైనం కరిగినా పాడవదు. దుమ్ము వడకట్టి, మీ వారి చేతనే వాడికి ఇప్పించండి.