చేతులు కలిసిన ఉంగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మ్యూజియంలో పాత బంగారు ఉంగరం, దాని మీద ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు. మంచి వస్తువే దొరికింది. కానీ అది కనపడగానే ‘అజరామరమైన ప్రేమ’ అంటూ అరపేజీ రాసేశావు. అంతా నువ్వే చెప్పేస్తే ఇక ఆ ఉంగరానికేం పని?

ముందు దాన్ని విప్పి చూపించు. 16, 17 శతాబ్దాల్లో యూరప్‌లో జిమ్మెల్ ఉంగరాలని చేసేవారు. బయటికి ఒకటే ఉంగరం. తెరిస్తే రెండు చుట్లు, కొన్నిట్లో మూడు. మూడున్న వాటిలో పక్క చుట్లకు చెరో చెయ్యి, మధ్య చుట్టుకు గుండె. మూస్తే చేతులు గుండెను కప్పేస్తాయి. లోపలేముందో పెట్టుకున్న మనిషికి తెలిస్తే చాలు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1631 నాటిది ఒకటుంది. పైన రాళ్లు పొదిగారు. విప్పితే వాటి వెనక చిన్న గూళ్లలో ఒకవైపు పసిబిడ్డ, ఇంకోవైపు అస్థిపంజరం! మనవైపు పెళ్లి ఉంగరం అలా చేయమంటే కంసాలే ‘అపశకునం బాబూ’ అంటాడు.

నిశ్చితార్థానికి చెరో చుట్టు పెట్టుకుని, పెళ్లిరోజు కలిపేవారని అందరూ రాస్తారు. నువ్వూ రాశావు. చాలావాటిలో ఆ చుట్లు గొలుసు లంకెల్లా ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. తెరుచుకుంటాయి గానీ విడిపోవు. మీ హీరో సగం ఉంగరంతో ఓడెక్కాలంటే ముందు దాన్ని కోయించాలి. కోయించు. ఎవరు కోశారు, ఆ పిల్ల చూస్తూ నిలబడిందా? నీ కథ అక్కడుంది.

రోమన్ల పెళ్లిళ్లలోనూ కుడిచేతులు కలిపేవారు కాబట్టి మన పాణిగ్రహణం నీకు గుర్తొచ్చింది. పోలిక తప్పు కాదు. దాన్ని గైడ్ చేత ఉపన్యాసంగా చెప్పించడమే బాగాలేదు. ఇంకోటి, ఐర్లండ్ క్లాడా ఉంగరం వేరు. అందులో చేతులు గుండెను పట్టుకుంటాయి, పైన కిరీటం ఉంటుంది. రెండూ కలిపేయకు.

మాటలు ఎంత తక్కువుంటే చాలో చూడాలంటే బెల్‌ఫాస్ట్ అల్‌స్టర్ మ్యూజియంలోని ఉంగరం గురించి చదువు. 1588లో ఐర్లండ్ తీరంలో మునిగిన స్పానిష్ ఓడ హిరోనాలో దొరికింది. ఒక చెయ్యి గుండెను అందిస్తుంటుంది. దాని మీద స్పానిష్‌లో ‘నీకివ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు’ అని ఉంది. ఇచ్చిందెవరో చెప్పలేదు, ఎంత ప్రేమో చెప్పలేదు.

ఎర్రగీత పెట్టిన పేరాలు తీసేసి ఉగాదిలోపు మళ్లీ పంపు. మ్యూజియం వాచ్‌మన్‌ని మాత్రం ముట్టుకోకు, బాగా కుదిరాడు.