నీ నవలలో వాన గురించి

చిరంజీవి అమ్మాయికి,

నీ నవల పూర్తిగా చదివాను. కథ నడపడం నీకు బాగానే వచ్చు. నాకు పేచీ వచ్చిందల్లా వానతోనే. వాళ్లిద్దరూ దగ్గరైన ప్రతిసారీ వాన కురుస్తుంది, విడిపోగానే ఆకులు రాలతాయి. మూడోసారి మబ్బు పట్టేసరికి నాకు నవ్వొచ్చింది. పాత సినిమాల్లో రెండు పువ్వులు తలలు ఆనించుకుంటాయే, అదే ఇది. రాయడానికి మొహమాటపడి అడ్డం పెట్టుకున్న తెర.

ఇంగ్లిష్ రచయిత థామస్ హార్డీ 'టెస్' మళ్లీ ఒకసారి తీసి చూడు. 1891 నాటి నవల, టెస్ అనే పేద పల్లెటూరి పిల్ల కథ. ఈసారి కథను పక్కన పెట్టి, ఏ నెలలో ఏం జరుగుతోందో మాత్రమే గమనించు.

స్ట్రాబెర్రీలు ఇష్టమేనా అని టెస్‌ను అలెక్ అనే డబ్బున్న యువకుడు అడుగుతాడు. వాటి కాలం వస్తే ఇష్టమేనంటుంది టెస్. ఇక్కడ అప్పుడే వచ్చేశాయంటాడు. ఒక పండు తుంచి నోటికి అందిస్తాడు. నా చేత్తో నేను తింటానని ఆమె వేళ్లు అడ్డం పెడుతుంది. అతను వినడు. ఇబ్బంది పడుతూనే నోరు తెరుస్తుంది. కాలం రాకముందే పండిన పండు, వద్దన్నా తినిపించే చెయ్యి. సెప్టెంబరు రాత్రి అడవిలో అలెక్ ఆమెను లొంగదీసుకోవడమంతా ఇక్కడే ఉంది. అందుకే ఆ రాత్రిని పొగమంచులో వదిలేసినా మనకు అర్థమవుతుంది.

తర్వాతి ఏడాది ఆగస్టు. కోతల పొలంలో, భోజనాల వేళ, పెళ్లికాకుండా అలెక్ వల్ల పుట్టిన బిడ్డకు టెస్ పాలిస్తుంది. మగవాళ్లు మొహాలు తిప్పుకుంటారు. చేను పండితే సంబరం, ఆమె కడుపు పండితే అప్రతిష్ఠ. రచయిత ఈ మాట అనడు. పంటనూ బిడ్డనూ ఒకేచోట పెట్టి ఊరుకుంటాడు.

ఇక తర్వాత పాలు పితికే పనికి చేరిన పాడి ఇంట్లో ఆమె ప్రేమలో పడే జూన్ సాయంత్రం. అక్కడే పని నేర్చుకుంటున్న ఏంజెల్ అనే యువకుడు హార్ప్ అనే తీగల వాద్యం వాయిస్తుంటాడు. ఆమె పెరట్లో ఎవరూ పట్టించుకోని మూల నుంచి పిల్లిలా అతని వైపు నడుస్తుంది. నువ్వయితే మల్లెలు పూయించేదానివి. అక్కడున్నవి కంపుకొట్టే కలుపు మొక్కలు. తగిలితే చాలు పుప్పొడి పొగలా లేస్తుంది. కాళ్ల కింద నత్తలు చిట్లుతాయి, చేతులకు పురుగుల జిగురు అంటుకుంటుంది. ఆమె ఒంట్లో ఏం మేలుకుంటోందో ఆ జిగురే చెప్తుంది. నవల మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ ఇది.

(ఇదే నవల 'ది గ్రాఫిక్' పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు, నీళ్లు నిలిచిన దారిలో ఏంజెల్ పాలు పితికే అమ్మాయిలను చేతులతో ఎత్తుకుని దాటించడం కూడా ఎడిటర్‌కు ఎబ్బెట్టుగా తోచింది. చక్రాల తోపుడుబండిలో కూర్చోబెట్టి దాటించారు. అలాంటి ఎడిటర్లు నీకూ తగులుతారు, టెన్షన్ పడకు.)

ఏంజెల్‌తో టెస్ పెళ్లి డిసెంబరు 31న. ఆ రాత్రే ఆమె గతం విని మొగుడు దూరమవుతాడు. మరుసటి చలికాలం టెస్ గడ్డకట్టిన నేలలో, వానలో తడుస్తూ దుంపలు తవ్వుతుంది. విరహానికి గుర్తుగా చలి పెట్టలేదు, గమనించావా? మొగుడు వదిలేశాడు, చేతిలో డబ్బు అయిపోయింది, ఆ కాలంలో దొరికే కూలిపని అదే. చివర అలెక్‌ను చంపినందుకు ఆమెను ఉరి తీసేదేమో ఎండ కాసే జూలై ఉదయాన. నీ చేతిలో పడితే అక్కడా వాన కురిసేది.

నీ పదకొండో అధ్యాయంలో వాన తీసేయమనను. ఆ వానకు ఆమె ఆరేసిన బట్టలు తడిశాయా, అతను పనికి వెళ్లలేక ఇంట్లో ఉండిపోయాడా, తడిసిన చీర విప్పడానికి ఆమెకు గదిలో చాటు ఉందా, ఇవి రాయి. పద్నాలుగులో రాలే ఆకులు మాత్రం కొట్టేయి. మళ్లీ రాశాక ఆ రెండు అధ్యాయాలే పంపు, మొత్తం అక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు