ఫాల్టు కరెంటు కొలిచే ముందు

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

సింలింక్‌లో (కంప్యూటర్‌లో సర్క్యూట్లు నడిపి చూసే సాఫ్ట్‌వేర్) 220 కేవీ లైను మీద ఫాల్టు, అంటే షార్ట్ సర్క్యూట్, పెడుతున్నావు కదా, మోడల్ రన్ చెయ్యకముందే ఎంత కరెంటు రావాలో కాగితం మీద లెక్క వేసుకో. 100 కిలోమీటర్ల లైను, ఒకవైపే సోర్సు అనుకుందాం. సోర్సు 10 ఓములు, లైను కిలోమీటరుకు 0.4 ఓములు. సరిగ్గా మధ్యలో మూడు ఫేజులూ కలిసిపోతే మొత్తం 30 ఓములు. ఫేజు వోల్టేజీ 127 కేవీ కాబట్టి 4.23 కిలోఆంపియర్లు వస్తాయి. ఇది ఆర్‌ఎంఎస్, అంటే ఏసీ కరెంటు సగటు ప్రభావాన్ని చెప్పే విలువ. స్కోపులో కనబడేది పీకు, అంటే 6 కిలోఆంపియర్ల దాకా. ఈ రెండింటినీ పోల్చి మోడల్ తప్పని కంగారుపడకు.

పైగా మొదటి పీకు 10 కిలోఆంపియర్లు కూడా దాటొచ్చు. వోల్టేజీ సున్నా దగ్గర ఉన్న క్షణంలో ఫాల్టు పడితే ఆ ఫేజులో డీసీ ఆఫ్‌సెట్, అంటే తరంగాన్ని ఒకవైపుకు జరిపి క్రమంగా తగ్గిపోయే భాగం, నిండుగా వస్తుంది. పీకు దగ్గర పడితే దాదాపు ఉండదు. అందుకే ఫాల్టును ఒకసారి 0.1 సెకను దగ్గర, ఇంకోసారి పావు సైకిల్ జరిపి 0.105 దగ్గర పెట్టి చూడు. ఎక్స్ బై ఆర్ (రియాక్టెన్సుకూ రెసిస్టెన్సుకూ నిష్పత్తి) 10 అయితే ఆ ఆఫ్‌సెట్ టైమ్ కాన్‌స్టంట్, అంటే అది తగ్గే వేగాన్ని చెప్పే కాలం, 32 మిల్లీసెకన్లు. అది పూర్తిగా తగ్గడానికి ఫాల్టును కనీసం 0.2 సెకన్లు ఉంచి, చివరి సైకిళ్ల విలువ తీసుకో. ఆర్‌ఎంఎస్ బ్లాకుకు పూర్తి సైకిల్ కావాలి కనుక ఫాల్టు పడ్డ తొలి 20 మిల్లీసెకన్లలో అది చూపే అంకెలో పాత లోడు కరెంటు కలిసి ఉంటుంది. దాన్ని రాసుకోవద్దు.

మీటరు ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. రిలేకు (ఫాల్టును గుర్తించి లైనును విడగొట్టించే పరికరం) కనబడేది లైను చివర కరెంటే కాబట్టి వీ-ఐ మెజర్‌మెంట్ బ్లాకు బస్‌బార్‌కూ లైనుకూ మధ్య ఉండాలి. ఫాల్టు బ్రాంచి కరెంటు, అంటే ఫాల్టు ఉన్న చోట పారేది, వేరు, దాన్ని మల్టీమీటర్ బ్లాకుతో విడిగా చూడు. రెండువైపులా సోర్సులుంటే రెండు బ్లాకుల దిశలూ లైను లోపలికే పెట్టు. అప్పుడు రెండు చివరల కరెంట్లు కలిపితే ఫాల్టు కరెంటుకు దగ్గరగా రావాలి. ఒకదాన్ని తిరగేసి పెట్టావంటే ఆ మొత్తం తప్పుతుంది. సింగిల్ ఫేజు టు గ్రౌండ్ ఫాల్టుకు మూడు ఫేజుల కరెంట్లనూ క్షణక్షణానికీ కూడి ఇంకో స్కోపుకు ఇవ్వు, రిలేలోని గ్రౌండ్ ఫాల్టు ఎలిమెంటు చూసేది దాన్నే. లైను జీరో సీక్వెన్సు ఇంపీడెన్సు (భూమి గుండా తిరిగొచ్చే కరెంటుకు ఎదురయ్యే అడ్డు) మామూలు పాజిటివ్ సీక్వెన్సుకు మూడు రెట్లు, సోర్సుది అదే 10 ఓములు అనుకుంటే 2.93 కిలోఆంపియర్లు రావాలి.

సోర్సు, లైను, ఆర్‌ఎంఎస్ బ్లాకులన్నీ తెరిచి ఫ్రీక్వెన్సీ చూడు. డిఫాల్టుగా 60 హెర్ట్జ్ ఉంటుంది, మనది 50. ఫాల్టు బ్లాకు టైమింగులు కూడా సెకనులో అరవయ్యో వంతుల్లోనే ఉంటాయి.

డిస్ట్రిబ్యూటెడ్ పారామీటర్ లైనైతే (లైను పొడవంతా అల ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకునే మోడల్) శాంపిల్ టైము, అంటే లెక్క వేసే కాల అంతరం, ఫాల్టు దగ్గర విడిపోయిన లైను ముక్కలో అల ప్రయాణించే కాలం కన్నా తక్కువ ఉండాలి. 50 కిలోమీటర్లకు అది సుమారు 167 మైక్రోసెకన్లు, కాబట్టి 50 మైక్రోసెకన్లు సరిపోతాయి. ఫాల్టును 5 కిలోమీటర్ల దగ్గరికి జరిపితే 17 మైక్రోసెకన్లే. అప్పుడు 5కు తగ్గించు. దాని బదులు ఒకే పై సెక్షన్ (లైను మొత్తాన్ని ఒకే చిన్న సర్క్యూట్‌గా చూపే మోడల్) పెడితే లైనులో లేని ఊగిసలాట కరెంటులో కనబడుతుంది.

5 మైక్రోసెకన్లతో నడిపేటప్పుడు స్కోపు సెట్టింగుల్లో చివరి 5000 పాయింట్ల పరిమితి ఉంటే తీసెయ్యి. లేకపోతే మిగిలేది చివరి 25 మిల్లీసెకన్లే, ఫాల్టు పడ్డ క్షణమే ఫైల్లో ఉండదు.

ఇట్లు,
పెదనాన్న